సికిల్ సెల్ పిల్లల మెదడులో రక్తవేగం కొలిచేటప్పుడు

సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి ఉన్న పిల్లల్లో పక్షవాతం ముప్పును ముందే పట్టుకోవడానికి మెదడు ధమనుల్లో రక్తవేగాన్ని డాప్లర్ అల్ట్రాసౌండ్‌తో కొలుస్తారు. సీతంపేట కొండల నుంచి తెల్లారకముందే బయల్దేరి శ్రీకాకుళం వచ్చిన పిల్లలు పరీక్ష బల్ల మీద పడుకోగానే కునుకు తీస్తారు. తీయనివ్వకండి. నిద్రలో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, మెదడు లోపలి సన్నని నాళాలు విప్పారతాయి, పెద్ద ధమనిలో వేగం ఎక్కువగా కనిపిస్తుంది. ఏడుస్తూ రొప్పితే దానికి తిరగబడుతుంది: కార్బన్ డయాక్సైడ్ తగ్గి, వేగం తక్కువగా కనిపించి, అసలు ప్రమాదమే దాగిపోతుంది. అమ్మను తల దగ్గర కూర్చోబెట్టండి. సవర భాష వచ్చిన ఆశా కార్యకర్త పక్కనుంటే ఇంకా మేలు.

ముందుగా జ్వరం, హిమోగ్లోబిన్, వేలికి ఆక్సిమీటర్ పెట్టి ఆక్సిజన్ చూసి రాసుకోండి. జ్వరమున్నా, ఆక్సిజన్ పడిపోయినా, రక్తం ఒక్కసారిగా తగ్గినా వేగం పెరుగుతుంది, కోలుకున్నాకే కొలవాలి. ఈమధ్యే రక్తం ఎక్కించి ఉంటే అంకె తక్కువ వస్తుంది.

ఈ పరీక్ష 2 నుంచి 16 ఏళ్ల పిల్లలకు ఏటా చేస్తారు. తల వెడల్పు కాలిపర్‌తో కొలవండి, అందులో సగం మధ్యరేఖ లోతు. చెంప ఎముకకు పైన, చెవికి ముందు కణత మీద జెల్ రాసి 2 మెగాహెర్ట్జ్ ప్రోబ్ (అల్ట్రాసౌండ్ పంపి అందుకునే పరికరం) ఆనించండి. మెదడు పక్కభాగానికి రక్తమిచ్చే పెద్ద నాళమైన మిడిల్ సెరిబ్రల్ ధమనిలో రక్తం ప్రోబ్ వైపు వస్తుంది కాబట్టి తెర మీద గీత పైకి లేస్తుంది. లోతు 2 మి.మీ. చొప్పున మారుస్తూ, ప్రతిచోటా ప్రోబ్‌ను కొద్దికొద్దిగా వంచుతూ అన్నిటికంటే ఎక్కువ వేగం పట్టుకోండి. అటూ ఇటూ వేగాలు ఒకేసారి కనబడే చోట, మెడ నుంచి వచ్చే లోపలి కెరోటిడ్ ధమని చీలుతోందని అర్థం. రెండు కణతలూ చూడాలి.

ఎక్కువ తప్పులు అంకె చదవడంలోనే జరుగుతాయి. గుండె కొట్టుకున్నప్పటి శిఖరం కాదు, తెర మీది గీత పై అంచు వెంట తీసిన సగటు వేగం రాయాలి. సెకనుకు 170 సెం.మీ. లోపు మామూలే. 170–199 అయితే త్వరగా మళ్లీ చూడాలి. 200 గానీ అంతకు మించి గానీ ఉంటే రెండు వారాల్లోపు మరోసారి కొలిచి, అప్పుడూ అలాగే వస్తే క్రమం తప్పకుండా రక్తం ఎక్కించే చికిత్స మొదలుపెట్టాలి. ఇలాంటి పిల్లల్లో ఆ చికిత్సతో మొదటి పక్షవాతం 90 శాతానికి పైగా తగ్గిందని 1998లో అమెరికా పరిశోధన తేల్చింది. కలర్ డాప్లర్ మెషీన్‌లో అంకె కాస్త తక్కువ వస్తుంది, అందులో కోణం సవరణ (ధ్వని కిరణానికీ రక్తం పారే దిశకూ ఉన్న కోణాన్ని బట్టి మెషీన్ అంకెను మార్చడం) వాడకండి. ఈ హద్దులు సవరణ లేకుండా పెట్టినవి.

సిగ్నల్ దొరకకపోతే ‘నార్మల్’ అని రాయొద్దు. ఒకవైపే దొరకలేదంటే ధమని మూసుకుపోయి ఉండొచ్చు, ఎంఆర్‌ఐకి పంపండి.