తాడు కట్టగానే కూలబడిపోయే కుక్కపిల్లకి నడక అలవాటు చేయడం

మెడకి బెల్టు కట్టి, దానికి తాడు తగిలించి, వీధి చివరిదాకా తిప్పుకొద్దామని గేటు తీస్తామా, కుక్కపిల్ల అక్కడే చతికిలబడుతుంది. కొన్ని వెల్లకిలా పడుకుని కాళ్ళు ఆడిస్తాయి, కొన్ని తాడునే పట్టుకుని కొరుకుతాయి, కొన్ని మాత్రం నాలుగు కాళ్ళూ నేలకి బిగబట్టి మన మొహంలోకి చూస్తూ ఉండిపోతాయి. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, మన తెలుగువాళ్ళున్న ఏ ఊళ్ళో అయినా ఇది చూసి పక్కింటివాళ్ళు చెప్పే సలహా ఒక్కటే: "మొండిది, రెండుసార్లు గట్టిగా లాగండి, అదే వస్తుంది."

దయచేసి లాగకండి. అది మొండితనం కాదు. చాలాసార్లు భయం, లేదా తాడు అంటే ఏమిటో ఇంకా తెలియకపోవడం. పైగా మెడ దగ్గర ముందుకి లాగితే ఒళ్ళు దానంతట అదే వెనక్కి తన్నుకుంటుంది, దూడని పలుపు పట్టి లాగినా ఇంతే కదా. మీరు ఎంత బలంగా లాగితే అది అంత బలంగా వెనక్కి ఆగుతుంది, ఆ పెనుగులాటలో లేత గొంతు నొక్కుకుపోయి దగ్గు వస్తుంది, రేపు మీరు తాడు చేతిలోకి తీసుకోగానే మంచం కిందకి దూరుతుంది.

మన దగ్గర ఇంకో ఇబ్బంది కూడా ఉంది, నా ఉద్దేశంలో సగం కుక్కపిల్లలు నడకకి మొరాయించడానికి అసలు కారణం ఇదే. కూన ఇంటికి రాగానే "కాపలాకి" అని గేటు పక్కనో పెరట్లోనో ఇనుప గొలుసుతో కట్టేస్తాం. రోజంతా అక్కడే. ఇక దాని దృష్టిలో మెడకి ఏదైనా తగిలించారంటే కదలడానికి లేదని, అందరూ లోపలికి వెళ్ళిపోతారని అర్థం. అదే గొలుసు పట్టుకుని "రా, పోదాం" అంటే అది ఎలా వస్తుంది? అందుకని ముందు చేయాల్సింది ఒకటి: కట్టేసే గొలుసు వేరు, నడిపించే తాడు వేరు. నడక తాడుతో దాన్ని ఎప్పుడూ ఎక్కడా కట్టకండి, ఐదు నిమిషాలకైనా సరే. అసలు పొద్దస్తమానం కట్టి ఉంచడమే తప్పు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ మరీ పొట్టి గొలుసుతోనో మరీ బరువైన గొలుసుతోనో ఎక్కువసేపు కట్టేయడాన్నీ, ఎప్పుడూ కట్టే ఉంచే కుక్కని తిప్పకుండా వదిలేయడాన్నీ కూడా హింస కిందే లెక్కేస్తుంది.

ఇక టీకాల సంగతి. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా వేస్తారు, తరవాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున సుమారు 16 వారాలు నిండేదాకా బూస్టర్లు, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. ఇవి పూర్తయ్యేదాకా వీధికుక్కలు తిరిగే నేల మీద కూనని దింపవద్దు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది, నెత్తుటి విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే కూనని తీసుకుపోగలదు. అలాగని ఇంట్లో మూసిపెట్టడమూ మంచిది కాదు, ఎందుకంటే దాదాపు మూడు నెలల వయసులోపు చూసినవాటికే కుక్క జీవితాంతం తేలిగ్గా అలవాటుపడుతుంది. మధ్యేమార్గం ఏమిటంటే ఎత్తుకుని తిప్పడం. రోజూ కాసేపు చంకనేసుకుని వీధిలోకి వెళ్ళండి: ఆటోలు, ఆవులు, మేకల మంద, గుణుపురం రైలు కూత, గుడి దగ్గర డప్పులు, గొడుగు పట్టుకున్న మనిషి, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, అన్నీ మీ చేతుల్లోంచి చూడనివ్వండి. ఆ ఎత్తుకుని తిరిగిన రోజులే తరవాత నడకని సగం తేలిక చేస్తాయి. తాడు పాఠం మాత్రం టీకాల కోసం ఆపక్కర్లేదు, అది ఎలాగూ ఇంట్లోనే మొదలవుతుంది.

ఏం కొనాలి? గుడ్డతోనో మెత్తటి నైలాన్‌తోనో చేసిన వెడల్పు బెల్టు, మెడకీ బెల్టుకీ మధ్య మీ రెండు వేళ్ళు పట్టేంత వదులుగా. ఛాతీ చుట్టూ పట్టే బాడీ బెల్ట్ దొరికితే ఇంకా మంచిది, గొంతు మీద భారం పడదు. తాడు నాలుగు నుంచి ఆరు అడుగులు, తేలికైనది, చిన్న కొక్కెం ఉన్నది చాలు. ఇనుప గొలుసు వద్దు, లాగితే బిగుసుకునే చోక్ గొలుసు అసలే వద్దు. కూనలు ఇట్టే పెరుగుతాయి కాబట్టి పది రోజులకోసారైనా వేళ్ళు పెట్టి బిగుతు చూసుకోండి, బెల్టు మెడలోకి కోసుకుపోయిన కుక్కల్ని మన ఊళ్ళలో చూస్తూనే ఉంటాం.

మొదటి పని బెల్టు అలవాటు చేయడం. అన్నం గిన్నె పెట్టే ముందు బెల్టు వేయండి, తినేసి ఆడుకుంటుండగా తీసేయండి. మొదట్లో కాళ్ళతో తెగ గోక్కుంటుంది, దొర్లుతుంది, మీరు పట్టించుకోవద్దు. ఒక్కటి గుర్తుంచుకోండి, గోక్కుంటున్నప్పుడు జాలిపడి తీసేస్తే "గోకితే ఇది ఊడుతుంది" అని నేర్చేసుకుంటుంది, కాబట్టి అది మరిచిపోయి ప్రశాంతంగా ఉన్న క్షణం చూసి తీయండి. బెల్టు వేసిన సంగతే పట్టించుకోకుండా తిరుగుతోందనిపించాక తాడు తగిలించి వదిలేయండి. మీరు పట్టుకోవద్దు, అదే ఈడ్చుకుంటూ ఇల్లంతా తిరగనివ్వండి, కానీ మీ కళ్ళ ఎదుటే, ఎందుకంటే మంచం కోడుకో గ్యాస్ బండకో చుట్టుకుంటే హడలిపోతుంది, చేసిందంతా మళ్ళీ మొదటికొస్తుంది. తాడు కొరుకుతుంటే లాక్కోకండి, లాక్కుంటే అదో ఆట అయిపోతుంది, నోటికి ఇంకో బొమ్మ అందించండి చాలు.

తరవాత తాడు కొస మీరు పట్టుకోండి, కానీ నడిపించేది మీరు కాదు, కుక్కపిల్ల. అది ఎటు పోతే అటు మీరు వెనకాలే వెళ్ళండి, తాడు ఎప్పుడూ వదులుగా వేలాడుతూ ఉండాలి. ఈ దశని చాలామంది దాటేస్తారు, పనికిరానిదనుకుంటారు. నన్నడిగితే మొత్తం వ్యవహారంలో ముఖ్యమైనది ఇదే, తాడు వల్ల తనకి చెడేమీ జరగదని కూనకి తెలిసేది ఇక్కడే.

అది కుదిరాక, రెండడుగులు దూరం జరిగి, దానికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి తిరిగి కూర్చుని పిలవండి. ఎదురుగా నిలబడి కళ్ళలోకి చూస్తూ తాడు పట్టుకుంటే చిన్న కూన జంకుతుంది. అది మీ వైపు ఒక్క అడుగు వేసినా "భలే" అని వెంటనే ఏదైనా నోట్లో పెట్టండి. పెట్టేది శనగగింజంత ఉంటే చాలు: ఉప్పూకారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, ఉడికించిన గుడ్డు, మాంసం తినని ఇళ్ళలో అయితే మనకి ఏ మిఠాయి దుకాణంలో అయినా దొరికే చక్కెర కలపని ఛెనా (పాలు విరగ్గొట్టి తీసిన ముద్ద). పాల పదార్థాలు కొన్ని కూనలకి పడవు, విరేచనం పలచబడితే ఛెనా మానేయండి. ఉల్లిపాయ తగిలిన కూరముక్కలు, ఎండుద్రాక్ష, చాక్లెట్ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, అవి కుక్కలకి విషం. ఎండుచేపంటే ప్రాణం పెడుతుంది గాని ఉప్పు ఎక్కువ, వద్దు. ముక్కని మీ మోకాలి పక్కనే, మీరు నడిచే వైపునే ఇవ్వండి, అప్పుడు ఆ పక్కన ఉండటమే లాభం అని దానికి తెలుస్తుంది. రెండు మూడు నిమిషాల పాఠం, రోజుకి మూడు నాలుగుసార్లు, తిండికి ముందు. అంతకన్నా ఎక్కువ లాగిస్తే విసుగొస్తుంది.

ఇంట్లో అందరూ ఒకే పిలుపు వాడండి. నాన్నమ్మ "దా దా" అని, పిల్లలు పక్కింటి ఒడియా పిల్లలతో కలిసి "ఆ, ఆ" అని, మీరు ఇంగ్లీషులో "కమ్" అని పిలిస్తే కూనకి అర్థం కాక నిలబడిపోతుంది, దాన్ని మనం మాట వినదనుకుంటాం. ఏదో ఒకటి అందరూ కూర్చుని ఖాయం చేసుకోండి. తాడు మాత్రం పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి, పిల్లలు పరుగెత్తించి ఒక్క గుంజు గుంజారంటే వారం రోజుల పని పాడవుతుంది.

ఇప్పుడు గేటు. పెరట్లో చక్కగా నడిచే కూన కూడా గేటు దగ్గర ఆగిపోవడం మామూలే, అటువైపు వాసనలు వేరు, చప్పుళ్ళు వేరు. దీనికి నేను అందరికీ చెప్పే ఉపాయం ఒకటుంది: బయటికి నడిపించకండి, ఇంటికి నడిపించండి. ఎత్తుకుని నాలుగిళ్ళ అవతలికి తీసుకెళ్ళి దింపి, ఇంటి వైపు తిరగండి. ఇల్లు చేరాలనే తొందరలో తాడు సంగతే మరిచిపోయి టకటకా వచ్చేస్తుంది. మర్నాడు ఇంకో ఇల్లు అవతల నుంచి. ఇలా కొన్నాళ్ళు చేస్తే ఆ దారి దానికి తెలిసిన దారి అవుతుంది, అప్పుడు వెళ్ళేటప్పుడు కూడా నడుస్తుంది. మధ్యలో కొన్ని సాయంత్రాలు ఏమీ నేర్పకుండా అరుగు మీద దాన్ని పక్కన పెట్టుకుని ఊరికే కూర్చోండి, వచ్చేపోయే బళ్ళని చూడనివ్వండి.

దారి మధ్యలో కూలబడితే మీరూ ఆగిపోండి. తాడు వదులు చేసి, వంగి కూర్చుని, చూపు వేరే వైపు పెట్టి కాసేపు ఊరుకోండి. చాలాసార్లు తనే లేచి వస్తుంది, అప్పుడు ముక్క పెట్టండి. కూర్చున్న ప్రతిసారీ ముందుగా ముక్క చూపించి లేపితే, ముక్క కోసమే కూర్చోవడం మొదలెడుతుంది, అడుగు వేశాక ఇవ్వడమే పద్ధతి. కానీ తోక కాళ్ళ మధ్యకి దూర్చి, చెవులు వెనక్కి అతికించి, వణుకుతూ, ఊరికే ఆవులిస్తూ పెదాలు నాక్కుంటూ ఉంటే అది భయం. అప్పుడు ఓపికపట్టి నిలబెట్టడం కాదు, ఎత్తుకుని ఆ చోటి నుంచి దూరంగా తీసుకుపోవడమే సరైనది. ఎత్తుకుంటే అలుసైపోతుందన్న మాట నమ్మకండి.

ఎండని తక్కువ అంచనా వేయొద్దు. వీధికుక్కలు ఎక్కువగా చలికాలంలో పిల్లల్ని పెడతాయి కదా, వాటిని తెచ్చి పెంచుకున్నవాళ్ళకి కూన టీకాలు పూర్తయ్యి బయట తిరిగే వేళకి సరిగ్గా ఎండలు ముదురుతాయి. మండే సిమెంటు రోడ్డు మీద కూన నడవనంటే దాని తప్పేముంది, మీరు చెప్పులేసుకున్నారు, అది వేసుకోలేదు. అరచేతి వెనకభాగం రోడ్డు మీద ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు దానికీ పనికిరాదు. వేసవిలో తెల్లవారుజామున ఐదున్నర ఆరు మధ్య, లేదా రాత్రి నేల చల్లబడ్డాక. విపరీతంగా రొప్పుతూ, చొంగ కారుస్తూ తూలుతుంటే వెంటనే నీడకి చేర్చి, ఒంటి మీద మామూలు చల్లటి నీళ్ళు పోసి, డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి.

వీధికుక్కల టెన్షన్ అందరికీ ఉన్నదే. ప్రతి వీధిలో ఒక గుంపు ఉంటుంది, ఎక్కువగా వాటి హద్దు దాటితేనే అవి మీదకొస్తాయి, కాబట్టి మొదటి నెలంతా మీ వీధి హద్దులోనే తిప్పండి. ఎదురొస్తే పరుగెత్తకండి, కూనకీ వాటికీ మధ్య మీరు నిలబడి, మెల్లగా వచ్చిన దారినే వెనక్కి తిరగండి. రాయి తీస్తున్నట్టు నేల మీదకి వంగితే చాలావరకు ఆగిపోతాయి, నిజంగా విసరక్కర్లేదు. తాడు పట్టి కూనని గాల్లోకి లేపేయడం మాత్రం వద్దు, ఛాతీ కింద చెయ్యి పెట్టి ఎత్తుకోండి. మీకైనా కూనకైనా పన్ను దిగితే సబ్బుతో ధారగా నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, "మన కుక్కకి టీకా ఉందిలే" అని ఊరుకోకూడదు.

రథయాత్ర రోజుల్లో, దీపావళి ముందు వారం, బరంపురంలో అయితే ఠాకురాణి యాత్ర (అమ్మవారి జాతర) జరిగే ఏడాది, కొత్త కూనని జనంలోకి తీసుకెళ్ళకండి. టపాకాయ పేలగానే కూన వెనక్కి జరిగి తల లాగేసుకుందంటే బెల్టు మీ చేతిలో ఉంటుంది, కుక్క ఉండదు. అటువంటి రోజుల్లో బయటికి తప్పదనుకుంటే మెడ బెల్టు, బాడీ బెల్ట్ రెండూ వేసి తాడు రెండిటికీ తగిలించండి, బెల్టు మీద మీ ఫోన్ నంబరు రాసి ఉంచండి.

భయం తీరాక ఉల్టా సమస్య వస్తుంది, ఇప్పుడు అదే మిమ్మల్ని లాగుతుంది. తాడు బిగిసిన మరుక్షణం ఆగిపోండి, వదులయ్యాకే కదలండి. ఇంట్లో అందరూ ఇదే చేస్తే చాలు.

బాగా నడుస్తున్న కూన ఉన్నట్టుండి మానేస్తే మాత్రం పాఠం ఆపి ఒళ్ళు చూడండి. వేళ్ళ సందుల్లో, చెవుల్లో పిడుదులున్నాయేమో, ముల్లు దిగిందేమో, కుంటుతోందేమో. పిడుదుల జ్వరం వస్తే తిండి మానేసి, చిగుళ్ళు పాలిపోయి, నడవడానికి శక్తి ఉండదు. పశువుల ఆసుపత్రిలో చూపించి మందు వేయించాకే మళ్ళీ తాడు తీయండి.

ఏడాది రెండేళ్ళు గొలుసుకే ఉన్న పెద్ద కుక్కకైనా ఇదే వరస, కాకపోతే నెమ్మదిగా. ముందు గొలుసు తీసేసి గేటు మూసిన పెరట్లో కొన్నాళ్ళు స్వేచ్ఛగా తిరగనివ్వండి, ఆ తరవాతే కొత్త బెల్టు, కొత్త తాడు, పాత గొలుసు దాని కంట పడకుండా తీసి పెట్టేయండి.