క్రెడిట్ బాగోలేదు, బెనిఫిట్ వస్తోంది: ఇంగ్లండ్‌లో అద్దె ఇల్లు ఎక్కడ ఆగిపోతుంది, ఏం చేయాలి

రిఫరెన్సింగ్ (ఇల్లు అద్దెకిచ్చే ముందు మీ క్రెడిట్, ఆదాయం చూసే చెక్) ఫెయిలైందని ఏజెంట్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చిన రోజు ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. శనివారాల్లో మన తెలుగు కుటుంబాలకు కాగితాల పనిలో సాయం చేస్తుంటాను. దాదాపు అందరూ చేసే పని ఒకటే: వెంటనే ఇంకో ఇల్లు వెతకడం. దయచేసి ఆ పని చేయకండి. కారణం తెలియకుండా రెండో ఇంటికి వెళ్తే అక్కడా అదే చోట ఆగుతుంది. ముందు ఏజెంట్‌కు రెండు లైన్ల మెయిల్ పెట్టండి: "ఏ చెక్ ఫెయిలైంది? క్రెడిటా, ఆదాయమా, గ్యారంటరా?" గ్యారంటర్ అంటే మీరు అద్దె కట్టకపోతే తాను కడతానని సంతకం పెట్టే మనిషి. జవాబు రాతపూర్వకంగా అడగండి.

దానికంటే ముందు చూడాల్సింది వీసా. మీ ఈవీసాలో "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" (ప్రభుత్వ బెనిఫిట్లు తీసుకోకూడదు) అనే షరతు ఉంటే యూనివర్సల్ క్రెడిట్, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే బెనిఫిట్, తీసుకోవడం వీసా నిబంధన ఉల్లంఘన అవుతుంది. స్టూడెంట్, స్కిల్డ్ వర్కర్ వీసాలవాళ్లకు సాధారణంగా ఈ షరతు ఉంటుంది. కింద రాసేదంతా ఐఎల్ఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) లేదా బ్రిటిష్ పౌరసత్వం వచ్చినవాళ్లకు, బెనిఫిట్ హక్కు ఉన్న మిగతావాళ్లకు. ఇంకో మాట. హౌసింగ్ బెనిఫిట్ అని అందరం అంటాం గానీ, పని వయసువాళ్లకు ఇప్పుడు వచ్చేది యూనివర్సల్ క్రెడిట్‌లోని అద్దె భాగం. పాత హౌసింగ్ బెనిఫిట్ ప్రధానంగా పెన్షన్ వయసువాళ్లకు, తాత్కాలిక వసతిలో ఉన్నవాళ్లకు మిగిలింది.

సమస్య 1: "క్రెడిట్ చెక్ ఫెయిల్"

మొన్న చలికాలంలో ఒక అమ్మాయి వచ్చింది. ఇద్దరు పిల్లలు, కేర్ హోమ్‌లో పార్ట్‌టైమ్ ఉద్యోగం. ఫోన్‌లో క్రెడిట్ రిపోర్ట్ తెరిపించాను. పబ్లిక్ రికార్డ్స్ దగ్గరికి వచ్చేసరికి ఒక సీసీజే కనిపించింది, అంటే అప్పు కట్టలేదని కౌంటీ కోర్టు ఇచ్చిన తీర్పు. "అన్నా, నేను కోర్టుకెప్పుడు వెళ్లాను?" అంది. అడ్రసు చూస్తే మూడేళ్ల కిందట ఖాళీ చేసిన ఇల్లు. ఒక ప్రైవేటు పార్కింగ్ కంపెనీ వేసిన చార్జీ, దాని మీద ఉత్తరాలు, ఆ తర్వాత కోర్టు కాగితాలు, అన్నీ ఆ పాత గుమ్మంలోనే పడ్డాయి.

కారణం చాలాసార్లు ఇదే. రిఫరెన్సింగ్ కంపెనీలు ముఖ్యంగా చూసేది సీసీజేలు, దివాలా, ఐవీఏ (అప్పులిచ్చినవాళ్లతో చట్టప్రకారం చేసుకునే చెల్లింపు ఒప్పందం) లాంటి పబ్లిక్ రికార్డులు, మీరు చెప్పిన అడ్రసులో నిజంగా ఉన్నారా అన్నది. ఎప్పుడో క్రెడిట్ కార్డు బిల్లు ఒకటి ఆలస్యమైందని ఇల్లు పోతుందేమోనని భయపడేవాళ్లు ఈ తేడా గమనించండి.

ఏం చేయాలంటే, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ రిపోర్ట్ కంపెనీల దగ్గరా చట్టప్రకారం ఇవ్వాల్సిన ఉచిత రిపోర్ట్ తీసుకోండి. ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో ఉంటుంది. సీసీజే వచ్చి నెల దాటకముందే మొత్తం కట్టేస్తే అది రిజిస్టర్ నుంచి పూర్తిగా పోతుంది. నెల దాటాక కడితే "సాటిస్‌ఫైడ్" అని గుర్తు పడుతుంది గానీ తీర్పు తేదీ నుంచి ఆరేళ్లు ఉంటుంది. కాగితాలు అసలు అందనేలేదంటే ఎన్244 ఫారంతో తీర్పును కొట్టేయమని కోర్టును అడగొచ్చు. తెలిసిన వెంటనే అడగాలి, జాప్యం చేస్తే జడ్జి దాన్నే పట్టుకుంటారు. ఫీజు ఉంటుంది. బెనిఫిట్ మీద, తక్కువ ఆదాయం మీద ఉన్నవాళ్లు ఆ ఫీజు మాఫీకి అప్లై చేసుకోవచ్చు.

మనవాళ్లకు ప్రత్యేకంగా ఉండే తలనొప్పి పేరు. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీ, బ్యాంకులో ఇంటిపేరు ముందు, కరెంటు బిల్లులో ఇంటిపేరు వెనక. కంప్యూటర్‌కు వాళ్లు ముగ్గురు మనుషులు. అన్ని చోట్లా ఒకే వరుసలో మార్పించండి. ఓటరు జాబితాలో పేరు ఎక్కించండి. భారత పౌరులు కూడా కామన్‌వెల్త్ పౌరులుగా ఇక్కడ ఓటరుగా నమోదు కావచ్చన్న సంగతి పదేళ్లుగా ఉంటున్నవాళ్లకే తెలియదు. అడ్రసు సరిచూసేది చాలావరకు ఆ జాబితాతోనే.

సీసీజే ఉంటే దాచకండి. ఇది ఒట్టి నీతి కాదు, మీ డబ్బు సంగతి. హోల్డింగ్ డిపాజిట్ (ఇల్లు మీకోసం ఆపి ఉంచడానికి ముందుగా కట్టేది) ఒక వారం అద్దెకు మించి తీసుకోకూడదు. ముందే నిజం చెప్పాక కూడా కాదన్నారంటే, నిర్ణయం తీసుకున్న 7 రోజుల్లో అది తిరిగివ్వాలి. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే మాత్రం వాళ్లు ఉంచుకోవచ్చు. రిఫరెన్స్ చెక్‌కు విడిగా ఫీజు అడిగితే అది 2019 జూన్ 1 నుంచే నిషేధం.

సమస్య 2: "ఆదాయం సరిపోదు"

ఏజెంట్ల లెక్క సాధారణంగా నెల అద్దెకు 30 రెట్లు ఏడాది ఆదాయం. అద్దె 900 పౌండ్లయితే 27,000 కావాలి. జీతం నెలకు 1,150, యూనివర్సల్ క్రెడిట్ ఇంకో 1,150 అనుకుందాం. జీతం ఒక్కటే చూస్తే ఏడాదికి 13,800, ఫెయిల్. రెండూ కలిపితే 27,600, పాస్. మనిషి అదే, ఫారంలో ఒక గడి నింపకపోవడమే తేడా. యూనివర్సల్ క్రెడిట్ అకౌంట్‌లోని చివరి మూడు నెలల స్టేట్‌మెంట్లు, పే స్లిప్‌లు, ఇప్పటిదాకా కట్టిన అద్దె కనబడే బ్యాంకు స్టేట్‌మెంట్, పాత ఓనర్ రాసిచ్చిన ఉత్తరం, అన్నీ ఒకే పీడీఎఫ్‌గా చేసి అడగకముందే పంపండి.

నిజంగానే సరిపోకపోతే కారణం ఎల్‌హెచ్ఏ కావచ్చు, అంటే మీ ప్రాంతంలో, మీ కుటుంబానికి లెక్కకొచ్చే గదుల సంఖ్యకు బెనిఫిట్ ఇచ్చే గరిష్ఠ అద్దె. 2024 ఏప్రిల్‌లో దాన్ని స్థానిక అద్దెల్లో కిందినుంచి 30 శాతం దగ్గరికి తెచ్చి, 2025లో అక్కడే ఆపేశారు. ఇల్లు చూడ్డానికి వెళ్లేముందే ఆ పోస్ట్‌కోడ్ రేటు చూసుకోండి. 35 లోపు ఒంటరివాళ్లకు చాలావరకు షేరింగ్ గది రేటే వస్తుంది. అద్దె ఎక్కువై తేడా పడితే కౌన్సిల్‌ను అడగండి. ఇంగ్లండ్‌లో ఇంతకాలం డిస్క్రీషనరీ హౌసింగ్ పేమెంట్ అన్న పేరుతో ఇచ్చినది 2026 ఏప్రిల్ నుంచి క్రైసిస్ అండ్ రెజిలియెన్స్ ఫండ్‌లో కలిసింది. డిపాజిట్‌కు కూడా అడగొచ్చు.

సమస్య 3: "బెనిఫిట్ వాళ్లకు ఇవ్వం"

ఫోన్‌లో ఈ మాట వినగానే సిగ్గుతో పెట్టేస్తారు. మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 2020 జూలైలో యార్క్ కౌంటీ కోర్టు ఇలా మొత్తంగా కాదనడం ఆడవాళ్లపై, వికలాంగులపై పరోక్ష వివక్ష అని, ఈక్వాలిటీ యాక్ట్‌కు విరుద్ధమని తేల్చింది. రెంటర్స్ రైట్స్ యాక్ట్ ప్రకారం 2026 మే 1 నుంచి బెనిఫిట్ తీసుకుంటున్నారనో పిల్లలున్నారనో ఇల్లు కాదనడం నేరుగా నిషేధం. అయితే స్తోమత చూసే హక్కు వాళ్లకు ఉంది, అందుకే పై పీడీఎఫ్ అంత ముఖ్యం. ఫోన్ మాటను మెయిల్‌లోకి తెండి: "మీరు ఫలానా రోజు ఇలా అన్నారు, ఇది మీ పాలసీనా?" చాలాసార్లు వ్యూయింగ్ టైమ్‌తోనే జవాబు వస్తుంది. రాకపోతే కౌన్సిల్‌కు, ఇళ్ల సమస్యల్లో సాయం చేసే షెల్టర్ అనే సేవా సంస్థకు చూపించడానికి కాగితం మీ చేతిలో ఉంటుంది.

సమస్య 4: "ఆరు నెలల అద్దె ముందే కట్టండి, లేదా గ్యారంటర్‌ను తెండి"

మొదటిది 2026 మే 1 నుంచి కొత్త అద్దెలకు కుదరదు. ఒక నెలకు మించి ముందస్తు అద్దె తీసుకోకూడదు, అదీ అగ్రిమెంట్ మీద సంతకాలయ్యాకే. చిట్టీ పాడి, నగలు తాకట్టు పెట్టి ఆరు నెలలది పోగుచేసే అవస్థ తప్పింది. కానీ దానివల్ల అందరూ గ్యారంటర్ మీద పడుతున్నారు. హైదరాబాద్‌లో ఉన్న బావగారు పనికిరారు, సాధారణంగా యూకేలో ఆదాయమో ఇల్లో ఉన్నవాళ్లే కావాలి. అడిగేటప్పుడు "ఊరికే ఒక సంతకం" అని మాత్రం అనకండి. షేరింగ్ ఇల్లయితే మీతో ఉన్నవాళ్ల బాకీ కూడా ఆయన నెత్తినే పడొచ్చు. గ్యారంటీ ఎంత మొత్తానికి, ఎంత కాలానికి, ఎవరి వాటాకు అన్నది కాగితం మీద రాయించండి. ఎవరూ దొరక్కపోతే చాలా కౌన్సిళ్లకు డిపాజిట్ స్కీమ్ లేదా బాండ్ (డిపాజిట్‌కు బదులు కౌన్సిల్ ఇచ్చే హామీ) స్కీమ్ ఉంటుంది. 56 రోజుల్లోపు ఇల్లు పోయేలా ఉంటే కౌన్సిల్ హోమ్‌లెస్‌నెస్ విభాగం మీకు సాయం చేయాల్సిందే. రోడ్డున పడేదాకా ఆగకండి.

సమస్య 5: ఇల్లు దొరికింది, బెనిఫిట్ ఆగింది

అడ్రసు మార్పును యూనివర్సల్ క్రెడిట్ ఆన్‌లైన్ అకౌంట్‌లో ఆ నెల అసెస్‌మెంట్ పీరియడ్ (బెనిఫిట్ లెక్కకట్టే నెల) ముగిసేలోపు చెప్పాలి. ఆలస్యమైతే ఒక నెల కొత్త అద్దె మీ జేబులోంచే పోతుంది. కాబట్టి తాళాలు తీసుకున్న రోజు సాయంత్రం, పాలు పొంగించాక, సామాను సర్దకముందే అగ్రిమెంట్‌ను ఫొటో తీసి అప్‌లోడ్ చేయండి.