కుందేలుకి న్యూటరింగ్: డాక్టర్‌ని ఏం అడగాలి, ఇంటికొచ్చాక ఏం చూడాలి

న్యూటరింగ్ అంటే కుందేలుకి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. దానికి డేట్ తీసుకునే ముందు డాక్టర్‌ని ఒక్క మాట అడగండి, "రాత్రి నుంచి మేత ఆపాలా అండీ?" అని. ఆపమంటే ఇంకో డాక్టర్‌ని వెతుక్కోవడమే మేలు. కుక్కలు, పిల్లులు మత్తులో వాంతి చేసుకుంటాయని వాటిని ఖాళీ కడుపుతో తెమ్మంటారు. కుందేలుకి అసలు వాంతే రాదు, పైగా దాని పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి, మేత ఆగితే అవీ మందగిస్తాయి, పూర్తిగా ఆగితే ప్రాణం మీదికొస్తుంది.

ప్రమాదం లేదా అంటే, ఉంది. 2008లో బ్రిటన్‌లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో, మత్తు ఇచ్చిన ఆరోగ్యమైన కుందేళ్లలో 0.73 శాతం చనిపోయాయి. పిల్లుల్లో అది 0.11 శాతమే. ఆ చావుల్లో ఎక్కువ భాగం మత్తులో ఉండగా కాదు, ఆ తర్వాత జరిగినవి. అయినా ఆడ కుందేలైతే చేయించమనే అంటాను, వయసు పెరిగేకొద్దీ వాటికి గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువగా వస్తుంది కాబట్టి. ఒంటరిగా ఉంటూ, ఇల్లంతా ఉచ్చ చిమ్మకుండా బుద్ధిగా ఉండే మగదైతే తొందరేం లేదు.

వయసు విషయానికొస్తే, మగవాటికి వృషణాలు కిందికి దిగాక, అంటే దాదాపు 4 నెలలకి, ఆడవాటికి 5, 6 నెలలకి చేస్తారు. మగవాటిలో పొట్టకీ వృషణాల సంచికీ మధ్య దారి జీవితాంతం తెరిచే ఉంటుంది, అది మూయకపోతే పేగు జారే ప్రమాదం ఉంది, దాన్ని ఎలా మూస్తారో అడగండి. తడబడకుండా జవాబు చెప్పారంటే కుందేళ్లు తెలిసిన డాక్టరే. ఇంటికి నొప్పి మందు ఇస్తారో లేదో కూడా అప్పుడే తేల్చుకోండి.

అసలు పని ఇంటికొచ్చాకే. వెచ్చగా ఉంచండి, కింద రంపపు పొట్టు కాకుండా ఉతికిన తువ్వాలు వేయండి, ఇష్టమైన ఆకులు మూతి దగ్గరే పెట్టండి. గడ్డి దాకా వెళ్లి, వాసన చూసి, తినకుండా మూలకెళ్లి ముడుచుకుని కూర్చుని పళ్లు కొరుకుతుంటే అది అలక కాదు, నొప్పి, వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి. పెంటికలు మొదట్లో చిన్నగా, తక్కువగా వస్తే కంగారు లేదు. 12 గంటలైనా తినకపోయినా, పెంటికలు వేయకపోయినా మాత్రం పొద్దున చూద్దాంలే అనుకోవద్దు, అర్ధరాత్రయినా తీసుకెళ్లాల్సిందే. కుట్లు రోజుకి రెండుసార్లు చూడండి, వాపు పెరిగినా, చీము కనిపించినా చూపించండి. కుట్లు కొరక్కుండా మెడకి తొడిగే గరాటు లాంటి కోన్ మాత్రం తప్పనిసరైతేనే, ఎందుకంటే కుందేలు తన మెత్తటి పెంటికల్ని నేరుగా నోటితో అందుకుని తింటుంది, కోన్ ఉంటే అది కుదరదు. ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్ మందులు సొంతంగా తాగించారో, పేగుల్లోని మంచి బ్యాక్టీరియా దెబ్బతిని కుందేలే చచ్చిపోవచ్చు.

ఇంకోటి, ఆపరేషన్ అయిపోయింది కదా అని మగదాన్ని వెంటనే ఆడదానితో వదలకండి. ఇంకో 4 నుంచి 6 వారాల దాకా దానివల్ల పిల్లలు పుట్టే అవకాశం ఉంటుంది.