కొబ్బరి ఉంటే మెరక: ఉపగ్రహ పటాలతో డెల్టా పాఠం

డెల్టా పాఠానికి గూగుల్ ఎర్త్ తెరవగానే చాలామంది త్ర్యంబకంలో మొదలెట్టి, 1,465 కిలోమీటర్లూ గోదావరి వెంట ఎగురుకుంటూ వస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ సగం పీరియడ్ మహారాష్ట్రలోనే అయిపోతుంది. బడి కప్పు మీద మొదలెట్టండి. అక్కణ్ణుంచి పిల్లలకు తెలిసిన బోదె, బోదె నుంచి కాలవ, కాలవ గట్టునే ఎగువకు పోతే లాకులు, చివరికి ధవళేశ్వరం ఆనకట్ట. ఊళ్లోకి నీళ్లెలా వచ్చాయో వెతుక్కుంటూ పోయినవాళ్లకి గౌతమి, వసిష్ఠ ఎక్కడ విడిపోయాయో, వసిష్ఠ నుంచి వైనతేయ ఎక్కడ చీలిందో చెప్పక్కర్లేదు. పి.గన్నవరం దగ్గర మాత్రం కాసేపు ఆపండి. అక్కడ కాలవ నది మీదుగా దాటుతుంది. అక్విడెక్టు అంటే ఏమిటో ఆ ఒక్క బొమ్మతో తేలిపోతుంది.

ముందురోజు పని

బళ్లో నెట్ ఉంటుందని నమ్ముకోవద్దు. కంప్యూటర్‌లో వేసుకునే గూగుల్ ఎర్త్ ప్రో ఉచితం. అందులో టూల్స్, ఆప్షన్స్, క్యాష్ అనే చోటికి వెళ్లి డిస్క్ క్యాష్‌ని 2000 ఎంబీకి పెంచండి. తర్వాత, నెట్ ఉన్నచోట, క్లాసులో చూపించబోయే ప్రతి చోటికీ అదే ఎత్తులో వెళ్లి బొమ్మ తేటపడేదాకా ఆగండి. చూసిన బొమ్మనే, చూసిన దగ్గరితనంతోనే అది దాచుకుంటుంది. పైనుంచి చూసి వదిలేసిన ఊరు మర్నాడు తెర మీద మసకగానే ఉంటుంది. పాత తేదీల బొమ్మలు కావాలంటే గడియారం గుర్తు నొక్కి, ఒక్కో తేదీనీ విడిగా తెరిచి చూడాలి. గుచ్చిన పిన్నులన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి కేఎంజెడ్ (గూగుల్ ఎర్త్ పిన్నుల్ని దాచుకునే రకం) ఫైలుగా దాచండి. అన్నిటికీ మించి, ముఖ్యమైన ఐదారు బొమ్మల్ని మామూలు ఫొటోలుగా కూడా పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. కరెంటు వచ్చీ పోతూ ఉండే రోజున పాఠాన్ని గట్టెక్కించేవి అవే.

ఎత్తు అంకెలు

గీసిన గీత వెంట నేల ఎత్తుపల్లాల్ని చూపేది ఎలివేషన్ ప్రొఫైల్. కొండప్రాంతంలో బాగా పనికొచ్చే అది, మన దగ్గర తప్పుదారి పట్టిస్తుంది. ధవళేశ్వరం నుంచి అంతర్వేదికి ఓ గీత గీసి ప్రొఫైల్ తెరిస్తే రంపపు పళ్లలా ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. ఇలాంటి ఎత్తుల లెక్కలకు ఆధారం చాలావరకు 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసిన కొలతలు. ఆ రాడార్ తరంగాల్లో చాలా భాగం కొబ్బరి తలల మీదా, డాబాల మీదా తగిలి వెనక్కి వెళ్లాయి, నేలదాకా రాలేదు. పైగా ఆ కొలతల్లో కొన్ని మీటర్ల తేడా మామూలే. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా, గీత గీసినట్టు చూస్తే 65 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో నేల దిగేదే పది పన్నెండు మీటర్లు. అంత చిన్న వాలు ఆ తప్పుల్లో మునిగిపోతుంది. సెట్టింగుల్లో ఎత్తును మూడు రెట్లు చేసి చూపినా కోనసీమ పలకలాగే ఉంటుంది, తప్పులు మాత్రం మూడింతలవుతాయి.

ఆ బొమ్మని పారేయకండి, పాఠంగా వాడుకోండి. తాపీ మేస్త్రి దగ్గరుండే నీళ్ల లెవెల్ పైపు అరువు తెచ్చుకోండి. లేదా 15 మీటర్ల తెల్ల ట్యూబు కొని, దాన్నిండా రంగునీళ్లు పట్టండి. రెండు కొసలకీ స్కేలు కట్టిన కర్రలుండాలి. ఒక కర్ర రోడ్డు మీద, ఇంకోటి చేలో నిలబెట్టి, నీళ్లు కదలడం ఆగాక రెండు అంకెలూ రాసుకుని తీసివేస్తే ఎత్తు తేడా వస్తుంది. పైపులో ఒక్క గాలిబుడగ ఉన్నా లెక్క తప్పుతుంది. అందుకే ముందుగా రెండు కొసలూ పక్కపక్కన పెట్టి, నీటిమట్టం ఒక్కటిగా ఉందో లేదో చూసుకోవాలి. తెర చెప్పిన తేడా, పైపు చెప్పిన తేడా పక్కపక్కన బోర్డు మీద రాయించండి.

మెరక, పల్లం రంగుల్లో

అంకెలు చెప్పలేని ఎత్తుని పంటలు చెబుతాయి. నది ఒండ్రు పోసి పెంచిన గట్ల వెంట మెరక, ఆ మెరక మీద కొబ్బరి, ఊళ్లు. వాటి మధ్య పల్లంలో వరి. పంట కాలవలు మెరక మీదే నడుస్తాయి, అప్పుడే నీళ్లు రెండు పక్కలకీ పారతాయి. మురుగు కాలవలు పల్లం వెంట పోతాయి. ఇదంతా పైనుంచి చూడాలంటే యూరప్ ఉపగ్రహాల బొమ్మలుండే కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్ తెరవండి. అందులో సెంటినెల్-2 ఉపగ్రహం బొమ్మల్ని చూడ్డానికి డబ్బు కట్టక్కర్లేదు. పెద్ద సైజులో దించుకోవాలంటే ఉచిత ఖాతా కావాలి. మబ్బు శాతం 10 లోపు పెట్టి, మూడు తేదీలు ఎంచుకోండి: దాళ్వా ఊడ్పులయ్యే జనవరి మధ్య, చేలు కమ్మేసిన మార్చి మొదటివారం, కాలవలు కట్టేసిన మే. మూడూ ఫాల్స్ కలర్‌లో తీయండి. ఇందులో పచ్చదనం ఎర్రగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆకు మన కంటికి కనపడని పరారుణ కాంతిని బాగా తిప్పికొడుతుంది, ఆ కాంతికి ఇక్కడ ఎరుపు వేశారు.

మూడు బొమ్మల్లోనూ ఎర్రగా ఉండే పట్టీలు కొబ్బరితోటలు. మార్చిలో మాత్రమే ఎర్రబడి, మేలో బూడిదరంగుకి తిరిగేది వరి. మూడింట్లోనూ నల్లగా ఉండేవి చేపల, రొయ్యల చెరువులు. పిల్లల చేత ట్రేసింగ్ పేపర్ మీద ఎర్ర పట్టీలు మాత్రం గీయించండి. నదిపాయల వెంట వంపులు తిరిగే గీతలు వస్తాయి. కొన్ని గీతల పక్కన ఇప్పుడు నది ఉండదు. అలాంటిచోట ఒకప్పుడు పాయ పారిందేమో అని అడిగి వదిలేయండి.

చుక్క సైజు సంగతి ముందే చెప్పాలి. సెంటినెల్-2 బొమ్మలో ఒక్కో చుక్క 10 మీటర్లకు 10, అంటే రెండున్నర సెంట్లు. ఎకరానికి నలభై చుక్కలు. అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్‌లో చుక్క 30 మీటర్లది, దాదాపు 22 సెంట్లు. బోదె కనపడలేదని పిల్లలు అడిగితే జవాబు ఇక్కడుంది.

ఏడో తరగతి పైవాళ్లయితే లెక్క కూడా చేయించవచ్చు. ఒక చుక్కలో నీరుందో లేదో చెప్పే అంకె నీటి సూచీ. దానికి ఆకుపచ్చ కాంతి నుంచి పరారుణాన్ని తీసేసి, ఆ రెండిటి మొత్తంతో భాగించాలి. ఉదాహరణకు చెరువు చుక్కలో ఆకుపచ్చ 0.08, పరారుణం 0.02 అనుకుంటే 0.06ను 0.10తో భాగించి 0.6. కొబ్బరి చుక్కలో 0.06, 0.34 అనుకుంటే మైనస్ 0.7. సున్నాకి పైన ఉంటే నీరని మోటుగా చెప్పుకోవచ్చు. బ్రౌజర్‌లో ఎన్‌డీడబ్ల్యూఐ అన్న పొర ఇదే. దాన్ని జనవరి బొమ్మ మీద వేయగానే ఎవరో ఒకరు లేస్తారు: "మాస్టారండీ, మా చేనంతా చెరువైపోయిందండీ!" కొత్తగా ఊడ్చిన మడిలో నీరే ఎక్కువ, ఆకు తక్కువ. మార్చి బొమ్మలోనూ నీరని వస్తేనే చెరువు. ఒక్క తేదీ బొమ్మతో చెరువుల విస్తీర్ణం లెక్కకడితే బోలెడు వరిచేలు అందులో కలిసిపోతాయి.

కోత పడే తీరం

అంతర్వేది, ఉప్పాడ, కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్. ఈ మూడు చాలు. గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్‌లో 1984 నుంచి ఏడాదికో బొమ్మ కదులుతుంది. చూపించడానికి అది, కొలవడానికి ఎర్త్ ప్రో. నీటి అంచుని కొలవొద్దు. ఒక తేదీ బొమ్మ పోటులో, ఇంకోటి ఆటులో తీసి ఉంటే, కోత లేకపోయినా చదునైన తీరం పదుల మీటర్లు జరిగినట్టు కనిపిస్తుంది. చెట్లూ గడ్డీ ఆగిపోయే గీతని కొలవండి. ఇంకో చిక్కు, పాత బొమ్మ కొత్తదాని మీద సరిగ్గా కూర్చోదు. ముందు కదలని గుర్తు ఒకటి చూసుకోవాలి. గోపురం పనికిరాదు, ఎత్తైన కట్టడం ఒక్కో బొమ్మలో ఒక్కో వైపు ఒరుగుతుంది. కోనేటి మూలో, పాత రోడ్ల కూడలో తీసుకుని, అది ఎన్ని మీటర్లు జరిగిందో చూసి, కోత లెక్కలో సవరించాలి.

వరద బొమ్మలకు సెంటినెల్-2ని నమ్ముకుంటే మబ్బే దొరుకుతుంది. 2022 జులై వరద చూపాలంటే సెంటినెల్-1 రాడార్ బొమ్మలు తీయండి, వాటికి మబ్బు అడ్డు కాదు. నిలకడ నీరు నల్లగా పడుతుంది. ఆ నెల్లోనే సార్వా దమ్ములు కాబట్టి మళ్లీ పాత గొడవే, నలుపంతా వరద కాదు. లంకల మీద మాత్రమే చూడండి.

బోరు నీళ్ల పటం

నీళ్లలో కరిగిన ఉప్పుల్ని (టీడీఎస్) లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపే పెన్ను సైజు మీటరు ఒకటి చాలు. ముందు దాన్ని పరీక్షించండి: ఐదు లీటర్ల ఆర్వో నీళ్లలో ఐదు గ్రాముల మెత్తని ఉప్పు కరిగిస్తే 1000 పైచిలుకు చూపాలి. రాళ్ల ఉప్పులో చెమ్మ ఉంటుంది, వద్దు. పిల్లలు ఇంటి దగ్గరి బోరు నుంచి, ఐదు నిమిషాలు పంపు ఆడించాక, కడిగిన సీసాలో నీళ్లు తేవాలి. అన్నీ గదివేడికి వచ్చాకే కొలవాలి. తాగునీటికి 500 లోపు మంచిది, వేరే దారి లేనిచోట 2000 దాకా సరే అని ప్రమాణం. ఉప్పుటేటి నీళ్లు సూటిగా ముంచితే మీటరు చేతులెత్తేస్తుంది. ఒక వంతు ఆ నీటికి తొమ్మిది వంతుల ఆర్వో నీరు కలిపి, వచ్చిన అంకెని పదితో గుణించండి.

షీట్‌లో నాలుగు గడులు: బోరు నంబరు, అక్షాంశం, రేఖాంశం, టీడీఎస్. సీఎస్‌వీ (కామాలతో విడగొట్టిన మామూలు పట్టిక) ఫైలుగా దాచి, సొంత పటాలు చేసుకునే గూగుల్ మై మ్యాప్స్‌లోకి ఎక్కించండి. తెలుగు అక్షరాలుంటే దాచేటప్పుడు యూటీఎఫ్-8 అనే అక్షరాల పద్ధతి ఎంచుకోవాలి, లేకపోతే పిచ్చిగీతలు వస్తాయి. ధవళేశ్వరం సుమారు 16.93, 81.77. ఈ రెండూ తారుమారైతే పిన్ను ఉత్తర ధ్రువం దాపున మంచు సముద్రంలో పడుతుంది. దశాంశం తర్వాత రెండంకెలే రాస్తే బోరు కిలోమీటరు దాకా జరగొచ్చు, ఐదు రాయించండి. పిల్లల పేర్లు, ఇంటి నంబర్లు పటంలో పెట్టొద్దు. తర్వాత స్టైల్‌లో టీడీఎస్ గడి ఎంచుకుని, అంకెల్ని నాలుగైదు రంగుల్లోకి విడగొట్టమనండి.

పంట కాలవ పక్కన లోతు తక్కువ బోర్లు తియ్యగా ఉండటం, తీరానికి పోయేకొద్దీ రంగు మారడం చాలాచోట్ల కనిపిస్తుంది. కాలవ నీరు నేలలోకి ఇంకి కిందికి దిగుతుంది కాబట్టి. అది నిజమో కాదో చూడాలంటే మేలో, కాలవలు కట్టేసి మూడు వారాలయ్యాక, అవే బోర్ల నీళ్లు మళ్లీ తెప్పించండి. సెలవులు గనక ఊళ్లో ఉండే నలుగురైదుగురికి ముందే సీసాలిచ్చి, తేదీ రాసి మూతపెట్టమని చెప్పాలి. రెండో కొలతల్ని పాతవాటి మీద దిద్దకుండా, అదే పటంలో కొత్త పొరగా ఎక్కించండి.