ఎన్‌ఎస్‌ఈసీలో చివరి 12 ప్రశ్నలు వదలొద్దు
కెమిస్ట్రీ ఒలింపియాడ్‌కి తొలి మెట్టు ఎన్‌ఎస్‌ఈసీ రాసే పిల్లలకు ఒక మాట. ఇటీవలి పేపర్లలో 60 ప్రశ్నలు, 216 మార్కులు, రెండు గంటలు. మొదటి 48లో తప్పు పెడితే ఒక మార్కు పోతుంది. మైనస్‌లు లేని ఎంసెట్‌కి అలవాటైన చెయ్యి అక్కడ ఊరికే బబుల్స్ నింపేస్తుంది, జాగ్రత్త!

చివరి 12 వేరు. ఒక్కోటి 6 మార్కులు, మైనస్ లేదు. కాకపోతే సరైన ఆప్షన్లన్నీ పట్టుకోవాలి, సగం పట్టుకుంటే సున్నాయే. అందుకే గంటంపావు కాగానే ఎక్కడున్నా ఆపేసి అటు వెళ్లండి. ఒక్కో ఆప్షన్‌ని విడిగా అవునా కాదా అని తేల్చండి. పర్మాంగనేట్‌లో మాంగనీసు తన గరిష్ఠ ఆక్సీకరణ స్థితి +7లో ఉందని లెక్కేస్తే, అది ఇంకా ఆక్సీకరణం చెందుతుందనే ఆప్షన్ అక్కడికక్కడే ఎగిరిపోతుంది.