తోలుగుడ్లు పెడుతున్న పెట్టకు సాయంత్రం పూట ఏం వేయాలి

ఏప్రిల్లో ఒకరోజు పొద్దున్నే గంప ఎత్తితే గుడ్డు చేతికి మెత్తగా తగిలింది. వేలితో నొక్కితే సొట్ట పడి అలాగే ఉండిపోయింది. పెంకు లేదు, లోపలి పొర మాత్రమే. పక్కింటి అక్క చూసి దిష్టి తగిలింది, ఉప్పు తిప్పెయ్ అంది. తిప్పాను కూడా. మర్నాడూ తోలుగుడ్డే.

అసలు లెక్క ఇది. ఒక గుడ్డు పెంకులో 2 గ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, తిన్నదంతా ఒంటికి పట్టదు కాబట్టి రోజూ పెట్టే కోడికి 4 గ్రాములు కావాలి. మనం వేసేదేమో సజ్జలు, నూకలు, రాత్రి మిగిలిన సంగటి. రాగుల్లో కాల్షియం బాగా ఉంటుందని మన చిత్తూరోళ్లం గొప్పగా చెప్పుకుంటాం, నిజమే, కానీ 100 గ్రాముల రాగుల్లో ఉండేది గ్రాములో మూడో వంతే. వాటి మీదే పెంకు కట్టాలంటే కోడి రోజుకు కిలో పైన తినాలి! అప్పుడప్పుడు పెట్టి పొదిగే నాటుకోడికి పెరట్లో ఏరుకు తిన్నది సరిపోవచ్చు, గ్రామప్రియ లాంటి ఎక్కువ పెట్టే రకాలకు చాలదు.

దాణా కొట్లో షెల్ గ్రిట్ అడగండి, ఆల్చిప్పల ముక్కలు. పిండిలా ఉన్నది వద్దు, పెసర గింజంత ముక్కలు తీసుకోండి. పెంకు కట్టడానికి 20 గంటల దాకా పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రి కోడి నిద్రలో ఉన్నప్పుడే. పిండి తొందరగా కిందికి పోతుంది, ముక్కలైతే కందనకాయలో ఆగి రాత్రంతా కొంచెం కొంచెం కరుగుతాయి. అందుకే గంప కిందికి తోలే ముందు, సాయంత్రం పెట్టాలి. దాణాలో కలపకండి, విడిగా చిప్పలో పెడితే కావాల్సిన పెట్ట కావాల్సినంత తింటుంది. గుడ్లకు రాని పిల్లలకు ఎక్కువ కాల్షియం పడితే కిడ్నీలు పాడవుతాయి.

ఇంట్లో గుడ్ల పెంకులు కూడా పనికొస్తాయి, ఎండబెట్టి పెనం మీద వేయించి నలపండి. సగం పెంకులు అలాగే పారేస్తే మాత్రం రుచి మరిగి సొంత గుడ్లనే పొడుచుకు తింటాయి, ఆ అలవాటు మాన్పించడం మహా కష్టం. తాంబూలం సున్నం కలిపేవాళ్లున్నారు, వద్దు, నోరు గొంతు పొక్కిపోతాయి.

ఇక మన తిరుపతి ఎండలు. కోడి నోరు తెరిచి రొప్పుతుంటే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి, పెంకుకు కావాల్సిన కార్బొనేట్ రక్తంలో తగ్గిపోతుంది, పైగా మేత కూడా ముట్టదు. మేలో మేత తెల్లారుజామున, పొద్దుగూకాక వేయండి, మట్టి మూకుడులో నీళ్లు నీడన పెట్టి మధ్యాహ్నం మార్చండి. అలాగని రోజంతా షెడ్డులోనే మూసి పెట్టొద్దు, కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి, పొద్దుటి ఎండలో తిరగనివ్వండి.

కొత్తగా గుడ్లకొచ్చిన పెట్ట మొదట్లో ఒకటి రెండు తోలుగుడ్లు పెడితే టెన్షన్ పడక్కర్లేదు. ముసలి పెట్టకు గుడ్డు పెద్దదై పెంకు పల్చబడుతుంది, దానికి పెద్దగా చేయగలిగింది లేదు. కానీ మందలో అన్నీ ఒకేసారి ముడతల గుడ్లు, రంగు పోయిన గుడ్లు పెడుతూ తుమ్ముతూ గురక పెడుతుంటే అది మేత లోపం కాదు, వైరస్ జబ్బు కావచ్చు, గ్రిట్ వేసి ఎదురుచూడకుండా ఆ రోజే పశువుల డాక్టరుకు చూపించండి.