పెద్ద ఫ్యూయల్ పంపు వేశాక కూడా బూస్ట్‌లో లీన్ అవుతోందా? ముందు పంపు దగ్గర వోల్టేజ్ చూడండి

టర్బో పెట్రోల్ కారుకి బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి తోసే గాలి ప్రెషర్) పెంచి, గంటకి 255 లీటర్ల ఫ్యూయల్ పంపు, పెద్ద ఇంజెక్టర్లు వేసినవాళ్లు చెప్పే బాధ దాదాపు ఒకేలా ఉంటుంది. ఐడిల్ బాగుంది, సిటీలో ఏ ఇబ్బందీ లేదు. మూడో గేర్లో పూర్తిగా తొక్కితే మాత్రం 4500 ఆర్‌పీఎం దాకా 0.80 దగ్గర నిలబడ్డ లాంబ్డా (గాలి-పెట్రోల్ పాళ్లు చెప్పే అంకె), అక్కడి నుంచి 0.85, 0.90 అంటూ ఎగబాకుతుంది, అంటే పెట్రోల్ తక్కువై లీన్ అవుతోంది. నాక్ (పెట్రోల్ అదుపు తప్పి మండి కొట్టే దెబ్బ) మొదలవుతుంది, ఇంజన్ కంప్యూటర్ ఈసీయూ స్పార్క్ టైమింగ్ తగ్గించేస్తుంది, బండిని వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టు ఉంటుంది.

వెంటనే మ్యాప్‌లో, అంటే ఈసీయూలోని పట్టికలో, పెట్రోల్ పెంచేస్తారు, లేదా ఇంకా పెద్ద ఇంజెక్టర్లు తెప్పిస్తారు. దయచేసి ఆగండి. పూర్తి లోడ్‌లో పంపు కనెక్టర్ దగ్గర ఎన్ని వోల్టులు ఉన్నాయో చూశారా? చూశామని చెప్పినవాళ్లు నాకు చాలా తక్కువమంది తగిలారు. చూసినవాళ్లు కూడా ఐడిల్‌లోనే చూస్తారు.

పంపు మీద అనుమానం ఎందుకు రాదంటే

300 హార్స్‌పవర్ లెక్క తీసుకుందాం. టర్బో ఇంజన్‌కి ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి సుమారు 270 గ్రాముల పెట్రోల్ కావాలి. గంటకి మొత్తం 81 కిలోలు, అంటే దాదాపు 110 లీటర్లు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపినది) కాబట్టి, అసలు ఇథనాల్ లేని పెట్రోల్ కంటే మరో 8 శాతం కలుపుకోవాలి. 118 లీటర్ల దగ్గరకి వస్తుంది. నాలుగు ఇంజెక్టర్లు, 80 శాతం డ్యూటీ (తెరిచి ఉండే సమయం) అనుకుంటే ఒక్కోటి నిమిషానికి 615 సీసీ ఉండాలి. 630 సీసీవి సరిపోతాయి. పంపేమో 255 లీటర్లది. కాగితం మీద రెట్టింపు ఉంది కదా, ఇంకేం కావాలి అనిపిస్తుంది.

కానీ ఆ 255 అనే అంకె 13.5 వోల్టుల దగ్గర, 3 బార్‌కి కాస్త తక్కువ ప్రెషర్‌లో వచ్చేది. మీ బండిలో 1.5 బార్ బూస్ట్ ఉంటే, ఇంజెక్టర్‌కి ఎదురుగా ఆ గాలి తోస్తుంది కాబట్టి, రైల్ (ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే గొట్టం) ప్రెషర్ 3 నుంచి 4.5 బార్‌కి పెరగాలి. ప్రెషర్ పెరిగేకొద్దీ పంపు లాగే కరెంటు పెరుగుతుంది. ఐడిల్‌లో 6 ఆంప్‌లు లాగేది ఫుల్ బూస్ట్‌లో 10 దాటి 12 దాకా పోతుంది. ఫ్యాక్టరీ వైరు చిన్న పంపు కోసం వేసిన సన్న వైరు. దారి మొత్తంలో పావు ఓమ్ రెసిస్టెన్స్ ఉన్నా 6 ఆంప్‌లకి 1.5 వోల్టులు పోతాయి, 12 ఆంప్‌లకి 3 వోల్టులు. అంటే ఇంజన్‌కి పెట్రోల్ బాగా కావాల్సిన క్షణంలోనే పంపు నీరసపడుతుంది. ఐడిల్‌లో చూస్తే ఈ జబ్బు కనిపించదు.

నేను దెబ్బ తిన్నది ఇక్కడే. ఫ్యాక్టరీ నుంచి 150 హార్స్‌పవర్‌తో వచ్చిన పాత 1.8 టర్బో. ఫిల్టర్ మార్చాను, ఇంజెక్టర్లు క్లీన్ చేయించాను, రైల్ ప్రెషర్‌ని అదుపు చేసే రెగ్యులేటర్ మార్చాను, పంపు నకిలీదేమో అని ఇంకోటి కూడా వేశాను. ఐడిల్‌లో పంపు దగ్గర 12.5 వోల్టులు చూసి బాగానే ఉందని వదిలేశాను. వారం తర్వాత మూడో పిస్టన్ పోయింది. అది ఇప్పటికీ నా బల్ల మీద ఉంది: అంచున చిటికెన వేలి గోరంత ముక్క కరిగిపోయి, పక్కనే అల్యూమినియం చుక్కలు గడ్డకట్టి ఉన్నాయి. ఇంజన్ మళ్లీ కట్టాక మీటర్ వైర్లు ముందు సీటుదాకా లాగి డైనో (బండిని నిలబెట్టి లోడ్‌లో నడిపి పవర్ కొలిచే యంత్రం) మీద చూస్తే, బ్యాటరీ దగ్గర 13.9 ఉన్నప్పుడు పంపు దగ్గర 10.9. రైల్‌లో 4.5 ఉండాల్సింది 3.7 బార్. ట్యాంక్ మీది పంపు మూతకున్న ప్లగ్ విప్పితే ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి ఉంది. ఎర్త్ బోల్టు కింద పెయింట్ అలాగే ఉంది.

ఎలా పట్టుకోవాలి

వెనక సీటు ఎత్తండి, పంపు మూత కనిపిస్తుంది. కనెక్టర్ ఊడదీయకుండా వెనక వైపు నుంచి ప్రోబ్ పెట్టండి. ఫుల్ లోడ్‌లో మీటర్ ఒక కొన బ్యాటరీ ప్లస్‌కి, రెండోది పంపు ప్లస్‌కి పెడితే, ఆ దారిలో ఎంత పోతోందో నేరుగా తెలుస్తుంది. మైనస్ వైపు కూడా అంతే. ఏ వైపైనా అర వోల్టు దాటితే ఆ వైపు పని ఉన్నట్టే. పరీక్ష డైనో మీదే చేయండి, రింగు రోడ్డు మీద వద్దు.

బాగుచేయడం

బ్యాటరీ నెగటివ్ తీసేసి మొదలుపెట్టండి, మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి. బ్యాటరీ ప్లస్ నుంచి, పక్కనే 20 ఆంప్ ఫ్యూజ్ పెట్టి, 4 స్క్వేర్ ఎంఎం వైరు ట్యాంక్ దాకా లాగండి. అక్కడ 40 ఆంప్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్). దాని పిన్నుల నంబర్ల ప్రకారం కొత్త వైరు 30కి, పంపు 87కి, పాత పంపు ప్లస్ వైరు 86కి, 85 ఎర్త్‌కి. పంపు మైనస్‌కి కూడా అంతే లావు వైరు, బాడీ మీద పెయింట్ గీకి మెరిసే ఇనుము కనిపించాక బోల్టు.

రిలేని పాత వైరుతోనే ఆన్ చేయించాలి. విడిగా స్విచ్ పెట్టి పంపు నడిపే పని చూశాను, నాకు నిజంగా భయమేసింది. యాక్సిడెంట్‌లో ఇంజన్ ఆగితే ఈసీయూ పంపుని ఆపేస్తుంది. స్విచ్ ఆపదు. పగిలిన పైపులోంచి పెట్రోల్ పోస్తూనే ఉంటుంది.

ట్యాంక్ లోపలి పిన్నులు కాలి ఉంటే పంపు మూత మార్చండి. లోపలి వైరు, గొట్టం పెట్రోల్‌లో మునిగి ఉండటానికి చేసినవే కావాలి. బయట వాడే రబ్బరు గొట్టం లోపల వేస్తే ఉబ్బి క్లిప్పు దగ్గర ఊడుతుంది. అప్పుడూ ఇవే లక్షణాలు.

మిగతావి

ఐడిల్‌లో ప్రెషర్ ఎక్కువగా ఉంటే రిటర్న్ పైపు ఆ పంపుకి చిన్నదైంది. ట్యాంక్ పావు వంతున్నప్పుడు, అదీ మలుపుల్లోనే తడబడితే పంపు చుట్టూ పెట్రోల్ నిలవడం లేదు. రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టంలో పెట్రోల్ వాసన వస్తే దాని లోపలి డయాఫ్రం పొర చిరిగింది. ఇంజెక్టర్లు మార్చాక ఐడిల్ మాత్రమే చెడితే డెడ్ టైమ్ (ఇంజెక్టర్ తెరుచుకోవడానికి పట్టే ఆలస్యం) విలువలు ఈసీయూలో సరిగా ఎక్కించలేదు. ట్యాంక్ బ్రీదర్ (ట్యాంక్‌లోకి గాలి వచ్చే దారి) మూసుకుపోవడం లాంటివి నాకు చాలా అరుదుగా తగిలాయి, చివర్లో చూసుకోవచ్చు.

వైరింగ్ మార్చాక పాత మ్యాప్‌తో ఫుల్‌గా తొక్కవద్దు. అది నీరసంగా ఉన్న పంపుని చూసి పెట్రోల్ పెంచి రాసిన మ్యాప్. ఇప్పుడు ప్రెషర్ నిండుగా వస్తుంది కాబట్టి పై ఆర్‌పీఎంలో పెట్రోల్ మరీ ఎక్కువై (రిచ్ అయి) మిస్‌ఫైర్ కొడుతుంది. ముందు సగం బూస్ట్‌లో నడిపి ఈసీయూ రీడింగుల లాగ్ తీసి, ఇదివరకు కలిపింది తగ్గించి, ఆ తర్వాత పైకి వెళ్లండి.